స్టార్ట్ అయి ఆగిపోయే మినీ డీజిల్ ట్రాక్టర్: లోపాన్ని వరుసగా వెతికి పట్టుకోవడం ఎలా?

సెల్ఫ్ కొట్టగానే అందుకుని, కొద్దిసేపు నడిచి, ఆ తర్వాత ఆగిపోయే ఇంజన్ అసలు స్టార్ట్ కాని ఇంజన్ కంటే ఎక్కువ తికమక పెడుతుంది. అయితే అది మనకు ఒక మేలు కూడా చేస్తుంది. బ్యాటరీ, సెల్ఫ్ మోటారు బాగున్నాయనీ, సిలిండర్లలో కంప్రెషన్ సరిపడా ఉందనీ, నాజిళ్లు కనీసం డీజిల్‌ను చిమ్ముతున్నాయనీ ఆ కొద్దిసేపటి నడకతోనే రుజువవుతుంది. కాబట్టి ఇక వెతకవలసింది ఇంజన్ లోపల కాదు; డీజిల్ ట్యాంకు నుంచి పంపు వరకు వచ్చే దారిలోనూ, పంపును ఆపే ఏర్పాటులోనూ, గాలి లోపలికి వెళ్లి పొగ బయటికి వచ్చే మార్గంలోనూ వెతకాలి. ఇటువంటి లోపాల్లో అధిక భాగం రైతు స్వయంగా, నాలుగు పానాలతో, చవకగా సరిచేసుకోగలిగినవే. అయినా చాలామంది మొదటి రోజే డీజిల్ పంపును విప్పించి క్యాలిబ్రేషన్‌కు (డీజిల్ మోతాదును సరిచూసే పనికి) పంపడం, అది తిరిగి వచ్చాక కూడా ట్రాక్టర్ అలాగే ఆగిపోవడం ఎంతో బాధ కలిగించే విషయం. పంపును ముట్టుకోవడం చివరి మెట్టుగా ఉండాలి తప్ప మొదటి మెట్టుగా కాదు.

ఇక్కడ చెప్పేదంతా మామిడి, బత్తాయి, దానిమ్మ తోటల్లోనూ, పత్తి సాళ్ల మధ్య అంతరకృషికీ మన రైతులు వాడుతున్న 15 నుంచి 30 హార్స్‌పవర్ మినీ ట్రాక్టర్లకు వర్తిస్తుంది. రెండు సిలిండర్ల మహీంద్రా జీవో 245, మూడు సిలిండర్ల కుబోటా నియోస్టార్ బి2441 వంటివి ఈ తరగతిలోనివే. 50 హార్స్‌పవర్ దాటిన ట్రాక్టర్లకు 2023 జనవరి నుంచి ట్రెమ్ 4 ఉద్గార ప్రమాణాలు అమలులోకి రావడంతో వాటిలో ఎలక్ట్రానిక్ నియంత్రణ ప్రవేశించింది. ఈ చిన్న ట్రాక్టర్లలో మాత్రం సాధారణంగా యాంత్రికంగా పనిచేసే డీజిల్ పంపే ఉంటుంది కనుక స్కానర్ లేకుండానే కంటితో, చేతితో, చెవితో లోపాన్ని పట్టుకోవచ్చు.

పని మొదలుపెట్టే ముందు

ట్రాక్టర్‌ను చదునైన నేల మీద నిలిపి, గేరును న్యూట్రల్‌లో ఉంచి, పార్కింగ్ బ్రేక్ వేసి, వెనుక ఉన్న పనిముట్టును నేలకు దించాలి. గడ్డివాము, ఎండు ఆకులు, పొయ్యి, బీడీ నిప్పు దరిదాపుల్లో ఉండకూడదు. కారే డీజిల్‌ను పట్టడానికి ఒక ట్రే, తుడవడానికి దారాలు రాలని గుడ్డ, సరైన సైజు రింగు పానాలు, రెండడుగుల పారదర్శకమైన ప్లాస్టిక్ గొట్టం, శుభ్రమైన రెండు లీటర్ల డబ్బా, కొత్త రాగి వాషర్లు, ఒక డీజిల్ ఫిల్టర్ దగ్గర ఉంచుకోవాలి. విద్యుత్ భాగాన్ని పరీక్షించడానికి మల్టీమీటర్ గానీ, రెండు వైర్లు కట్టిన 12 వోల్టుల బల్బు గానీ చాలు.

ఒక హెచ్చరికను మాత్రం ఎంత గట్టిగా చెప్పినా తక్కువే. పంపు నుంచి నాజిళ్లకు వెళ్లే సన్నని ఇనుప పైపుల్లో డీజిల్ చదరపు సెంటీమీటరుకు 100 కిలోలకు మించిన ఒత్తిడితో ఉంటుంది. ఆ పైపుల దగ్గర సన్నటి చిమ్ము కనిపిస్తే వేలు పెట్టి చూడకూడదు. అట్ట ముక్క అడ్డుపెట్టి చూడాలి. అంత ఒత్తిడితో వచ్చిన డీజిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి వెళ్తుంది, పైకి సూది గుచ్చిన గాయంలా మాత్రమే కనిపిస్తుంది, గంటల్లో వేలినీ చేతినీ పోగొట్టుకునే స్థితి తెస్తుంది. అలా జరిగితే నొప్పి లేకపోయినా వెంటనే ఆసుపత్రికి వెళ్లి, ఒత్తిడితో డీజిల్ చర్మంలోకి దూరిందని స్పష్టంగా చెప్పాలి.

ఎంతసేపు నడిచింది, ఎలా ఆగింది

పానా పట్టుకోక ముందు ఇంజన్‌ను రెండు మూడు సార్లు స్టార్ట్ చేసి, అది ఆగిపోయే తీరును శ్రద్ధగా గమనించండి. ఈ ఒక్క పని మిగతా వెతుకులాటను సగానికి తగ్గిస్తుంది.

తాళం చెవిని స్టార్ట్ స్థానం నుంచి వదలగానే, అంటే అది ఆన్ స్థానానికి తిరిగి వచ్చిన క్షణంలోనే ఇంజన్ ఆగిపోతే, లోపం దాదాపుగా విద్యుత్ వైపే ఉంటుంది. ఐదు పది సెకన్లు నడిచి, ఎగుడుదిగుడుగా ఊగి, వేగం తగ్గుతూ ఆగిపోతే డీజిల్ దారిలో గాలి చేరిందని భావించాలి. నిమిషం రెండు నిమిషాలు చక్కగా నడిచి, మెల్లగా నీరసించి ఆగిపోయి, కాసేపు వదిలేస్తే మళ్లీ అంతే సేపు నడిస్తే డీజిల్ చాలినంత రావడం లేదు. ఫిల్టరు, ట్యాంకు జల్లెడ, ట్యాంకు మూత రంధ్రం వీటిలో ఏదో మూసుకుపోయి ఉంటుంది. స్లోలో బాగా నడిచి, రేసు పెంచగానే లేదా రోటవేటర్ దించగానే ఆగిపోవడం కూడా ఈ కొరతకే గుర్తు. నల్లటి పొగ దట్టంగా కక్కుతూ ఆగిపోతే మాత్రం డీజిల్ కాదు, గాలి అందడం లేదు.

ఇక్కడ ఒక విషయం గుర్తుంచుకోవాలి. డీజిల్ కాక్ పూర్తిగా మూసి ఉన్నా ఇంజన్ స్టార్ట్ అవుతుంది, ఫిల్టరు గిన్నెలోనూ పైపుల్లోనూ మిగిలి ఉన్న డీజిల్‌తో కొంతసేపు నడుస్తుంది కూడా. అందుకే అన్నిటికంటే ముందు కాక్ పూర్తిగా తెరిచి ఉందో లేదో చేత్తో తిప్పి చూడాలి, ట్యాంకులో ఎంత డీజిల్ ఉందో పుల్ల ముంచి చూడాలి. గేజి ముల్లును నమ్మకూడదు.

తాళం వదలగానే ఆగిపోతే

కొన్ని మినీ ట్రాక్టర్లలో ఇంజన్‌ను ఆపడానికి చేత్తో లాగే స్టాప్ నాబ్ ఉంటుంది. మరికొన్నిటిలో తాళం తీయగానే ఆగేలా పంపు దగ్గర స్టాప్ సోలినాయిడ్ (కరెంటుతో కడ్డీని కదిపి డీజిల్‌ను వదిలే, ఆపే పరికరం) ఉంటుంది. నాబ్ ఉన్న ట్రాక్టరైతే లాగుడు కేబుల్‌ను ముందు చూడాలి. దుమ్ము, తుప్పు పట్టిన కేబుల్ వెనక్కి పూర్తిగా వెళ్లక సగంలో ఇరుక్కుంటే, పంపు మీది స్టాప్ లివరు డీజిల్‌ను పాక్షికంగా ఆపుతూనే ఉంటుంది. పంపు దగ్గర కేబుల్‌ను విడదీసి, లివరును చేత్తో నడిచే స్థానానికి జరిపి స్టార్ట్ చేస్తే నిజం తేలిపోతుంది. ఇది కొద్ది నిమిషాల పని, కానీ చూడకుండా వదిలేసేవారే ఎక్కువ. విడదీసిన కేబుల్‌తో ఇంజన్‌ను ఆపవలసి వచ్చినప్పుడు ఆ లివరునే చేత్తో వెనక్కి తిప్పాలి కాబట్టి, ఏ వైపు తిప్పితే ఆగుతుందో ముందే చూసి పెట్టుకోండి.

సోలినాయిడ్ ఉన్న ట్రాక్టరైతే దాని పనితీరును అర్థం చేసుకోవాలి. చాలా సోలినాయిడ్లలో రెండు కాయిళ్లు ఉంటాయి. సెల్ఫ్ కొట్టేటప్పుడు ఎక్కువ కరెంటు తీసుకుని లోపలి కడ్డీని బలంగా లాగేది ఒకటి. తాళం ఆన్‌లో ఉన్నంతసేపు చాలా తక్కువ కరెంటుతో ఆ కడ్డీని అలాగే పట్టి ఉంచేది రెండవది. పట్టి ఉంచే కాయిల్ కాలిపోయినా, దానికి వచ్చే ఫ్యూజు ఎగిరిపోయినా, తాళం స్విచ్చి లోపల ఆన్ కాంటాక్టు అరిగిపోయినా, సెల్ఫ్ తిరుగుతున్నంతసేపే ఇంజన్ నడిచి, తాళం వదలగానే ఆగిపోతుంది. తాళాన్ని ఆన్‌లో ఉంచి సోలినాయిడ్ వైర్ల దగ్గర బల్బు పెట్టి చూడండి. ఒక్క వైరుకూ విద్యుత్ రాకపోతే ఫ్యూజు, స్విచ్చి, వైరింగ్ చూడాలి. ఎలుకలు కొరికిన వైర్లు షెడ్డులో నిలిపిన ట్రాక్టర్లలో తరచుగా కనిపిస్తాయి. విద్యుత్ వస్తున్నా కడ్డీ నిలవకపోతే ముందు సోలినాయిడ్ ఎర్త్ వైరును శుభ్రం చేసి బిగించి చూసి, అప్పటికీ నిలవకపోతే సోలినాయిడ్‌ను మార్చాలి. సీటు కింద, డ్రైవరు లేస్తే ఇంజన్‌ను ఆపే స్విచ్చి ఉన్న మోడళ్లలో ఆ స్విచ్చి చెడినా ఇదే లక్షణం కనిపించవచ్చు కనుక దాని కనెక్టరును కూడా పరీక్షించాలి. ఈ స్విచ్చులు ప్రాణాలు కాపాడేవి. పరీక్ష ముగిశాక వాటిని వైరుతో కలిపేసి శాశ్వతంగా పక్కన పెట్టడం ఎంతమాత్రం తగదు.

ట్యాంకు నుంచి మొదలుపెట్టి డీజిల్ వెంట నడవండి

విద్యుత్ లోపం కాదని తేలాక ట్యాంకు మూత దగ్గరికి రావాలి. డీజిల్ ఖర్చవుతున్న కొద్దీ ఆ ఖాళీలోకి గాలి చేరడానికి మూతలో సన్నని రంధ్రం ఉంటుంది. దుమ్ము, గ్రీజు కలిసి అది మూసుకుపోతే ట్యాంకులో శూన్యం ఏర్పడి డీజిల్ కదలదు. ఇంజన్ ఆగిపోయిన వెంటనే మూత తిప్పినప్పుడు బుస్సుమని గాలి లోపలికి పోయే శబ్దం వస్తే కారణం దొరికినట్లే. మూత వదులుగా పెట్టి నడిపితే ఆగకుండా నడవడం దీనికి రెండవ రుజువు. మూతను కడిగి, రంధ్రాన్ని సన్నని తీగతో శుభ్రం చేస్తే సరిపోతుంది. మూత పోయిందని ప్లాస్టిక్ కవరు కట్టి రబ్బరు బ్యాండు వేసిన ట్రాక్టర్లలోనూ ఇదే జరుగుతుంది.

తర్వాత ఫీడ్ పంపుకు (ట్యాంకు నుంచి డీజిల్‌ను లాగి డీజిల్ పంపు వైపు పంపే చిన్న పంపు) వచ్చే గొట్టాన్ని దాని దగ్గర ఊడదీసి, డబ్బాలోకి వదిలి చూడాలి. ట్యాంకు పంపు కంటే ఎత్తులో ఉంటే డీజిల్ తనంతట తానే ఆగకుండా ధారగా రావాలి. ఈ ధారను రెండు మూడు నిమిషాలపాటు ఓపికగా చూడండి, ఎందుకంటే ట్యాంకులో తేలే ఆకు ముక్క గానీ, తుప్పు పెచ్చు గానీ మొదట పక్కన ఉండి, ధార సాగాక మెల్లగా వచ్చి నోటికి అడ్డుపడుతుంది. అప్పుడే ధార సన్నబడుతుంది. ధార ఆగితే ఆ గొట్టంలోకి వెనక్కి, మూత తెరిచి ఉంచి, చేతిపంపుతో గాలి కొట్టి చూడండి. ట్యాంకులో బుడగలు వచ్చి, ధార తిరిగి పుంజుకుంటే లోపల చెత్త ఉందని అర్థం. అయితే అది అడ్డును తొలగించడం కాదు, పక్కకు నెట్టడం మాత్రమే. ట్యాంకును దించి కడగవలసిందే.

ట్యాంకు అడుగున ఏమి ఉందో ఈ డబ్బాలో పట్టిన డీజిల్ చెబుతుంది. దానిని గాజు సీసాలో పోసి అరగంట కదపకుండా ఉంచండి. నీరు డీజిల్ కంటే బరువైనది కాబట్టి అడుగున వేరుగా నిలిచి స్పష్టమైన గీత కనిపిస్తుంది. నల్లటి జిగురు తేలితే నీటికీ డీజిల్‌కూ మధ్య సూక్ష్మజీవులు పెరిగాయని తెలుసుకోవాలి. ఎన్ని కొత్త ఫిల్టర్లు వేసినా ఆ జిగురు కొద్ది రోజుల్లో వాటిని మళ్లీ మూసేస్తుంది. మన దగ్గర నీరు చేరే దారులు ముఖ్యంగా రెండు. సగం ఖాళీగా నిలిపిన ట్యాంకులో వానాకాలపు తేమ గోడలకు పట్టి దిగడం ఒకటి. బంకు నుంచి మూత సరిగా లేని డబ్బాల్లో డీజిల్ తెచ్చుకోవడం రెండవది. పురుగుమందు డబ్బాలను డీజిల్‌కు వాడే అలవాటును పూర్తిగా మానాలి. సాయంత్రం పని ముగియగానే ట్యాంకు నింపి నిలిపితే తేమకు చోటు ఉండదు.

ఫిల్టరు విషయంలో నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ఆగిపోయే ట్రాక్టర్‌లో పాత ఫిల్టరును కడిగి, ఆరబెట్టి మళ్లీ వేయకండి. కాగితపు ఫిల్టరును కడిగితే రంధ్రాలు సాగడమో చిరగడమో జరిగి, అది ఆపవలసిన మట్టి నేరుగా పంపులోకి పోతుంది. పంపు లోపలి ప్లంజర్లు (డీజిల్‌ను ఒత్తిడితో నెట్టే కడ్డీలు) ఎంతో సున్నితమైన బిగుతుతో తయారవుతాయి కాబట్టి ఆ మట్టి చేసే నష్టం ఫిల్టరు ధరకు ఎన్నో రెట్లు ఉంటుంది. తీసిన ఫిల్టరును కోసి, మడతల మధ్య ఏమి ఉందో చూసి, ఆ తర్వాత పారవేయండి. కొత్తది వేసేటప్పుడు దాని నిండా డబ్బాలోని డీజిల్ పోసి బిగించే పద్ధతి వాడుకలో ఉన్నా, వడకట్టని డీజిల్ శుభ్రమైన వైపుకు చేరే అవకాశం ఉంది. ఖాళీగా బిగించి హ్యాండ్ ప్రైమర్‌తో (చేత్తో నొక్కి డీజిల్‌ను పంపే చిన్న పంపు) నింపడమే క్షేమం. రబ్బరు రింగుకు కొద్దిగా డీజిల్ రాసి చేత్తో బిగించాలి. పాత రింగు ఫిల్టరు తల మీద అంటుకుపోయి, దాని మీదే కొత్తది కూర్చుంటే గాలి లాగుతూనే ఉంటుంది.

గాలి ఎక్కడి నుంచి వస్తోంది

డీజిల్ కారడం లేదు కనుక గాలి చేరే అవకాశం లేదని అనుకోవడం సహజమే కానీ, అది సరికాదు. ఫీడ్ పంపు దాటిన తర్వాత పైపుల్లో ఒత్తిడి ఉంటుంది కాబట్టి అక్కడ కీలు వదులైతే తడి కనిపిస్తుంది. ట్యాంకుకూ ఫీడ్ పంపుకూ మధ్య మాత్రం పీల్చుడు ఉంటుంది. పైభాగంలో చిల్లు పడిన గొట్టంతో కొబ్బరి నీళ్లు తాగినప్పుడు నీళ్లకు బదులు గాలి వచ్చినట్లే, అక్కడి చిన్న పగులు చుక్క కూడా కార్చకుండా గాలిని లోపలికి లాగుతుంది. రాత్రంతా నిలిపిన తర్వాత ఉదయం మాత్రమే ఆగిపోయి, ఒకసారి ఎయిర్ తీశాక (డీజిల్ దారిలోని గాలిని బయటికి పంపాక) రోజంతా బాగా నడిచే ట్రాక్టర్‌లో ఈ పొడి లీకు ఉండే అవకాశం ఎక్కువ. రాత్రి డీజిల్ నెమ్మదిగా ట్యాంకుకు వెనక్కి జారి, ఆ ఖాళీలో గాలి నిండుతుంది.

దానిని చూడటానికి ఫీడ్ పంపుకు ముందు ఉన్న గొట్టం స్థానంలో పారదర్శకమైన గొట్టం బిగించి, ఇంజన్ నడుపుతూ గమనించండి. బుడగలు సాగుతూ వస్తే ట్యాంకు వైపు కీళ్లను ఒక్కొక్కటిగా బిగించాలి, చీలికలు పట్టిన రబ్బరు గొట్టాలను మార్చాలి, బాంజో బోల్టుల (డీజిల్ పైపును బిగించే, లోపల రంధ్రమున్న బోల్టులు) దగ్గర పాత రాగి వాషర్లను తీసేసి కొత్తవి వేయాలి. ఒకసారి నలిగిన రాగి వాషరు రెండవసారి సరిగా కూర్చోదు. కొన్ని బాంజో బోల్టుల లోపల సన్నని జల్లెడ దాగి ఉంటుందని చాలామందికి తెలియదు. దానిని విప్పి వెలుతురుకు ఎదురుగా పట్టి చూడండి.

ఎయిర్ తీసే క్రమం ఇలా ఉండాలి. మొదట ఫిల్టరు మీది బ్లీడ్ స్క్రూను (గాలిని బయటికి వదిలే స్క్రూ) వదులు చేసి, ప్రైమరును నొక్కుతూ, నురుగు ఆగి నికరమైన డీజిల్ వచ్చేవరకు కొనసాగించి, ప్రైమరును నొక్కి పట్టి ఉండగానే స్క్రూ బిగించాలి. తర్వాత పంపు మీది స్క్రూ దగ్గర ఇదే పని చేయాలి. అప్పటికీ అందుకోకపోతే నాజిళ్ల దగ్గర పైపు నట్లను ఒక చుట్టు వదులు చేసి, ముఖాన్ని దూరంగా ఉంచి, మరొకరి చేత సెల్ఫ్ కొట్టించి, డీజిల్ చిమ్మగానే బిగించాలి. సెల్ఫ్‌ను ఒక్కో విడతలో 10 సెకన్లకు మించి కొట్టకుండా, మధ్యలో కనీసం అర నిమిషం ఆగితే మోటారు వేడెక్కదు. ఆత్రంతో గాలి గొట్టంలోకి స్టార్టింగ్ స్ప్రే కొట్టడం ప్రమాదకరం. గ్లో ప్లగ్గులు (స్టార్ట్‌కు ముందు ఇంజన్ లోపల వేడి చేసేవి) ఉన్న ఇంజన్‌లో ఆ వాయువు తప్పుడు సమయంలో అంటుకుని పిస్టన్లనే పగలగొట్టగలదు.

అనుమానాన్ని రెండుగా చీల్చే పరీక్ష

ఇన్ని చూసినా తేలకపోతే, లేదా ఇవన్నీ చూసే సమయం లేకపోతే, ఈ పరీక్ష చేయండి. శుభ్రమైన డబ్బాలో లీటరు కొత్త డీజిల్ పోసి, దానిని ఇంజన్ కంటే ఎత్తులో గట్టిగా కట్టి, అందులోంచి గొట్టాన్ని నేరుగా డీజిల్ పంపు లోపలి మార్గానికి కలపండి; తిరిగి వచ్చే గొట్టాన్ని వేరొక డబ్బాలోకి వదలండి. ట్యాంకు, కాక్, ఫిల్టరు, ఫీడ్ పంపు అన్నీ ఇప్పుడు పక్కకు తప్పుకున్నాయి. డబ్బాలోని డీజిల్ తప్పనిసరిగా సన్నని శుభ్రమైన గుడ్డలో వడకట్టినదై ఉండాలి. ఎయిర్ తీసి స్టార్ట్ చేసినప్పుడు ఇంజన్ స్లోలో పదిహేను నిమిషాలు ఆగకుండా నడిస్తే పంపు, నాజిళ్లు నిర్దోషులు; లోపం పక్కకు తప్పించిన భాగాల్లోనే ఉంది, వాటిని ఒక్కొక్కటిగా తిరిగి కలుపుతూ వస్తే ఏ భాగం కలిపాక ఆగిపోయిందో అదే కారణం. తిరుగు గొట్టాన్ని చివరగా కలపడం మరవకండి, ఎందుకంటే అది నలిగినా మూసుకుపోయినా గాలి ట్యాంకుకు వెళ్లే దారి మూసుకుంటుంది.

ఫీడ్ పంపును విడిగా చూడాలంటే దాని బయటి గొట్టాన్ని డబ్బాలోకి పెట్టి సెల్ఫ్ తిప్పించాలి. కొట్టుకుంటూ బలంగా ధార రావాలి. అది బొట్లు బొట్లుగా వస్తే డయాఫ్రమ్ (పంపు లోపలి పలుచని పొర) గానీ వాల్వులు గానీ పోయాయి. ఇంజన్ ఆయిల్ మట్టం పెరిగి, పుల్లకు డీజిల్ వాసన వస్తుంటే చిరిగిన డయాఫ్రమ్‌ను అనుమానించి ఇంజన్‌ను ఇక నడపకూడదు. పలుచబడిన ఆయిల్ బేరింగులను తినేస్తుంది.

గాలి, పొగ మార్గాలు

నల్లటి పొగతో ఆగిపోయే ఇంజన్‌లో ఎయిర్ క్లీనరును తీసి ఒక్క నిమిషం నడిపి చూడండి, దుమ్ము లేని చోట మాత్రమే. ఆయిల్ రకం క్లీనరులో గీత దాటి ఆయిల్ పోయడం, పొడి రకంలో పత్తి నూగు దట్టంగా పట్టడం సాధారణ కారణాలు. కొన్ని నెలలు నిలిపిన ట్రాక్టర్‌లో సైలెన్సరు నోట్లో కందిరీగలు మట్టి గూడు కట్టుకుని ఉండవచ్చు. ఇంజన్ ఆగాక, చల్లారాక టార్చి వేసి చూడాలి.

వర్క్‌షాపుకు ఎప్పుడు

శుభ్రమైన డబ్బా డీజిల్‌తో కూడా ఆగిపోతున్నప్పుడు, చల్లగా ఉన్నంతసేపు నడిచి వేడెక్కాక ఆగి, చల్లారాక మళ్లీ స్టార్ట్ అవుతున్నప్పుడు, రేసు తనంతట తానే ఎక్కి దిగుతున్నప్పుడు పంపు ప్లంజర్ల అరుగుదల, గవర్నరు (ఇంజన్ వేగాన్ని నిలకడగా ఉంచే భాగం) లోపం వంటివి మిగులుతాయి; వేడికి డీజిల్ పలుచబడి అరిగిన ప్లంజర్ల పక్కనుంచి జారిపోతుంది. వీటిని టెస్ట్ బెంచి ఉన్న చోటనే సరిచేయాలి. పంపు సీలును ఇంట్లో తెంచకండి, గరిష్ఠ పరిమితిని నిర్ణయించే మాక్స్ స్క్రూను తిప్పకండి. ఏ పరీక్ష చేసినప్పుడు ఇంజన్ ఎంతసేపు నడిచిందో, పొగ ఏ రంగులో వచ్చిందో, ఏ భాగాలు మార్చారో కాగితం మీద రాసి మెకానిక్‌కు ఇస్తే అతను అవే పరీక్షలు తిరిగి చేయనవసరం ఉండదు, మీరు వాటికి కూలీ కట్టనవసరం ఉండదు.

లోపం సరిచేశాక ట్రాక్టర్‌ను వెంటనే పొలానికి తీసుకెళ్లకుండా, అరగంట పాటు స్లోలోనూ మధ్యస్థ రేసులోనూ నడిపి, ప్రతి కీలును పొడి గుడ్డతో తుడిచి తడి వస్తుందేమో చూడాలి. ఆ రాత్రి ట్యాంకు నింపి నిలిపి, మరుసటి ఉదయం ప్రైమరును ముట్టుకోకుండా స్టార్ట్ చేయండి. మొదటి ప్రయత్నంలోనే అందుకుని స్లోలో నిలకడగా నడిస్తే రోటవేటర్ తగిలించవచ్చు. మళ్లీ ఊగితే, పీల్చుడు వైపు కీలు ఇంకొకటి మిగిలి ఉందని భావించి పారదర్శక గొట్టంతో పరీక్షను తిరిగి మొదలుపెట్టాలి.